సుత్తి పక్కన పెట్టిన పూట

మా అక్క భర్త కరామాకు చెవులు వినపడవు. ఈ మాట అతని ముందే అన్నా ఏమీ అనుకోడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఇంతకంటే దారుణమైన మాటలు ఎన్నో చదివేశాడు. పుట్టుచెవుడు కాదు. కుర్రతనంలో ముకల్లా రేవుకు పోయి, అక్కడ కరెంటు పుట్టించే జనరేటర్ల షెడ్డులో పద్నాలుగేళ్లు పనిచేశాడు. చెవుల్లో ఇంత దూది పెట్టుకోవయ్యా అంటే వినేవాడు కాదు. దూది పెట్టుకుంటే యంత్రం ఏమంటోందో తెలియదట. చివరికి ఆ యంత్రాలు చెప్పాల్సినవన్నీ చెప్పేసి, పోతూ పోతూ చెవులు కూడా పట్టుకుపోయాయి.

తిరిగొచ్చి మా దౌఅన్ లోయ మొదట్లో, నా కొట్టు ఎదురుగా మెకానిక్ షెడ్డు పెట్టాడు. నాది పాత బండ్ల విడిభాగాల కొట్టు. మా ఇద్దరి మధ్యా రోడ్డు ఒక్కటే అడ్డం. ఇంజను చప్పుడు వినపడని మనిషి బండి ఎలా బాగుచేస్తాడని జనం మొదట్లో నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. అతను చెక్కపిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి ఫలానా బేరింగ్ పోయిందనేవాడు. విప్పి చూస్తే అదే పోయి ఉండేది. ఏడాది తిరక్కుండానే నవ్వినవాళ్లంతా వరుసలో నిలబడ్డారు. ఒక్కటే బాధ, ఆ పిడిని ఎప్పుడూ కడగడు. మా అక్క మొత్తుకుని మొత్తుకుని ఊరుకుంది.

తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకు తెలియదు. అతను రహస్యం చెబితే మూడు కొట్ల అవతలికి వినిపిస్తుంది. ఒకసారి పరామర్శకు వెళ్లి అందరం తల దించుకుని కూర్చుంటే, నా చెవి దగ్గర నోరు పెట్టి “అన్నం ఎప్పుడు పెడతారంటావ్?” అన్నాడు. చనిపోయినాయన కొడుకులు కూడా తలెత్తి చూశారు. అలాంటి మనిషితో ముప్పై ఏళ్లుగా వేగుతున్నాను. రోజుకొక్కసారైనా పోట్లాడుకోకపోతే నాకు తిన్నది అరగదు.

అయితే నేను చెప్పబోయేది ఒక రేగుపూత నెలలో జరిగిన సంగతి. మా దగ్గర తేనెవాళ్లు పూతను వెతుక్కుంటూ పెట్టెలతో సహా ఊళ్లు తిరుగుతారు. పొద్దుగూకాక, తేనెటీగలన్నీ లోపలికి చేరాక పెట్టెల మూతులకు గుడ్డలు కట్టి బండి కదిలిస్తారు. తెల్లారేలోపు చెట్ల కిందికి చేరి మూతులు విప్పుతారు. ఒకసారి విప్పితే ఈగ బయటికొచ్చి చుట్టూ తిరిగి ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. ఇక పొద్దుగూకేదాకా బండిని అంగుళం కూడా జరపకూడదు. అందుకని ఎక్కడ విప్పాలో చూసుకుని మరీ విప్పుతారు.

ఆ రోజు సూర్యుడు కొండ అంచు మీదికి వచ్చాక తేనెవాడు యెస్లమ్ పికప్ బండి బజారులోకి దిగింది. దిగడమంటే మామూలుగా కాదు, వెనక చక్రాలు తిరగడం మానేసి రోడ్డును గీరుకుంటూ వచ్చి సరిగ్గా నా కొట్టు ముందు ఆగింది. యెస్లమ్ యాభై దాటిన బక్కమనిషి. పెళ్లాంతో కన్నా ఈగలతోనే ఎక్కువ మాట్లాడతాడని ఊళ్లో అంటారు. అంతకు ముందటి ఏడాది వానలు లేక అతని పెట్టెలు సగానికి సగం ఖాళీ అయిపోయాయి. బతికినవి ఎనభై నాలుగు. అవన్నీ ఆ బండి మీదే, ఇనుప చట్రంలో వరుసలుగా పేర్చి, తీగలతో బిగించి ఉన్నాయి.

కిందికి దిగి ఆకాశం వంక చూశాడు. 

“ఫరజూ, కరామాను పిలువు. తొందరగా.”

“ఏమైందన్నా?”

“తెల్లవారుజామున నమాజుకు ఆగి బయల్దేరిన కాణ్ణించీ వెనకాల ఒకటే గోల. ఇప్పుడు పూర్తిగా పట్టేసింది. ఇంకో మూడు మైళ్లు పోతే రేగుతోట. అంతలోనే…”

“ఇక్కడే విప్పెయ్యరాదూ మూతులు?”

అన్నాక నాలిక కరుచుకున్నాను. పది అడుగుల దూరంలో బఖీత్ హల్వా కొట్టు. రెండేళ్ల కిందట ఎవరో తేనెవాడు ఇలాగే గతిలేక ఇక్కడ విప్పితే ఈగలన్నీ పోయి పాకంలో పడ్డాయి. మర్నాటిదాకా గరిటెలతో తోడి పారబోశారు. పైగా అది ఖర్జూరాల రోజులు, ప్రతి ఇంటి కప్పు మీదా ఎండుతున్నాయి. ఇక్కడ విప్పితే సాయంత్రానికి సగం ఈగలు తిరిగి రావు. పోనీ వేరే బండిలోకి ఎక్కిద్దామంటే ఆ తీగలు విప్పి, దించి, ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అసలు ఆ వారం బజారులో ఖాళీ బండి ఏది? అన్నీ తోటల్లోనే ఉన్నాయి.

“ఎంతసేపు ఆగుతాయి?” అన్నాను.

“పదింటి దాకా. ఎండ ముదిరితే లోపల మైనం కరిగిపోద్ది. తేనె కారి అందులోనే ఉడికిపోతాయి. ఇవి కూడా పోతే మళ్లీ మొదలెట్టడానికి నా దగ్గర విత్తనానికి కూడా ఉండదు ఫరజూ.”

కరామా వచ్చాడు. నేను పెదాలతో చెప్పింది చూశాడు, బండి కిందికి దూరాడు, బయటికొచ్చాడు. ఎప్పటిలాగే బజారంతా వినపడేలా చెప్పాడు.

“దీన్ని ఇక్కడ బాగుచెయ్యను. అంత టైము లేదు. వెనక యాక్సిల్ కడ్డీలు రెండూ లాగేస్తా. చక్రాలు ఊరికే దొర్లుతాయి. ముందు చక్రాలకూ ఇంజను లాగుడు ఉందిగా, వాటి బలంతో తోటదాకా పోదాం. మిగతాది రేపు చూసుకుందాం.”

కుడివైపు కడ్డీ పావుగంటలో కత్తి ఒరలోంచి వచ్చినట్టు వచ్చేసింది. ఎడమవైపుది కదలనంది. బావ లాగాడు, నేనూ లాగాను, బఖీత్ హల్వా కలపడం మానేసి వచ్చి ముగ్గురం కలిసి లాగాం. లాభం లేకపోయింది. అప్పుడతను వెనక్కి పోయి, ఇరుసు నడుమ గుమ్మడికాయంత ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ మూత విప్పాడు. చుక్క నూనె లేదు. మాడు వాసన కొట్టింది. పళ్ల చక్రాలు వేడికి నీలం తిరిగి ఉన్నాయి. ఒకదానికి రెండు పళ్లు విరిగి ఆ ముక్కలు మధ్యలో ఇరుక్కున్నాయి. అన్నిటికన్నా చెడ్డ సంగతి, ఎడమవైపు గేరు నూనె లేక కాలి, కడ్డీని కౌగిలించుకున్నట్టు పట్టేసింది. దాన్ని విడిపిస్తే తప్ప కడ్డీ రాదు.

కరామా ఇరుసు అడుగున వేలితో గీకి, గోటికి అంటింది వాసన చూశాడు. తర్వాత యెస్లమ్ వంక చూశాడు.

“మైనం” అన్నాడు.

యెస్లమ్ తల దించుకున్నాడు. “నూనె వదిలే అడుగు కన్నం బిరడా పోయిన వారం రాళ్లలో ఎక్కడో ఊడిపోయింది. చేతిలో మైనం ఉంది. గుడ్డ చుట్టి కూరేశా. గట్టిగానే ఉందనుకున్నా.”

నాకు ఒళ్లు మండింది. మా తేనెవాళ్లకు ఇదొక రోగం. రేడియేటర్ కారితే మైనం, పన్ను పుచ్చితే మైనం, తలుపు కిర్రుమంటే మైనం. “పొయ్యిలా కాలే చోట మైనం పెడతావా అన్నా? నా కొట్టు దాటే కదా పోయావు వారం రోజులూ. ఒక్క బిరడా అడిగితే నా సొమ్మేం పోయేది?” అని అరిచాను. ఇంకా అనేవాణ్ణే, బావ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. “తర్వాత తిట్టుకో. తిట్లు చల్లారిపోవులే” అన్నాడు.

పట్టేసిన గేరును విడిపించే పద్ధతి ఊళ్లో మెకానిక్కులందరికీ ఒక్కటే. మధ్యలో ఉండే అడ్డపిన్నూ చిన్న గేర్లూ తీసేసి, ఖాళీ అయిన కుడి గొట్టంలోంచి పొడవాటి ఇనుప కడ్డీ దూర్చి, ఎడమ కడ్డీ చివరకు ఆనించి, బయటినుంచి పెద్ద సుత్తితో బాదడం. పది దెబ్బలకు వచ్చేస్తుంది, మొండిదైతే ఇరవై. కరామా అదే చెయ్యబోయాడు. మోకాళ్ల మీద కూర్చుని సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు.

బండి మొత్తం గంటలా మోగింది. మరుక్షణం ఎనభై నాలుగు పెట్టెల్లోంచి ఒక్కటే ఉరుము లేచింది. నేను వెనక్కి గెంతాను. యెస్లమ్ పరుగెత్తి పోయి రెండో దెబ్బకు లేచిన బావ మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. పాపం కరామాకేం తెలుసు, ఆ ఉరుము అతనికి వినపడలేదు. మా ముఖాలు మార్చి మార్చి చూశాడు.

“ఈగలు” అన్నాను పెదాలతో. “రెచ్చిపోయాయి. మూసిన పెట్టెలో రెచ్చిపోతే ఆ వేడికే చస్తాయి బావా. ఇంకో నాలుగు దెబ్బలు వేశావంటే పదింటిదాకా కూడా ఆగవు.”

కరామా సుత్తిని నేల మీద పెట్టాడు.  మెకానిక్‌కు సుత్తి లేదంటే కుడిచెయ్యి లేనట్టే. తర్వాత లేచి నా కొట్టులోకి నడిచాడు, నన్నడక్కుండానే.

లారీ కమాన్ కట్టల కింద వచ్చే దళసరి పలక ఒకటి తీశాడు. జానెడున్నర పొడుగు మరబోల్టు తీశాడు. మూల నిలబెట్టిన బావి పంపు రాడ్డు మీద చెయ్యి వేశాడు.

“అది మా తోట బావికి పెట్టుకున్నది. కొత్తది. దాన్ని ముట్టుకోకు” అన్నాను.

అతను సరిగ్గా అప్పుడే తల అటు తిప్పుకున్నాడు. వినకూడనప్పుడు చూపు తిప్పేసుకోవడం అతనికి బాగా అలవాటు. రాడ్డు కొలిచి, తన షెడ్డులోకి తీసుకుపోయి కోసేశాడు. పలక మధ్య కన్నానికి వెనకవైపు నట్టు వెల్డింగ్ చేశాడు. ఆ పలకను తెచ్చి బండి కుడి చక్రం నడిమి బోల్టులకే బిగించాడు. నట్టులోంచి మరబోల్టు దూర్చి తిప్పితే అది లోపలి రాడ్డును నెడుతుంది, రాడ్డు పోయి అవతలి కడ్డీని నెడుతుంది. దెబ్బ ఉండదు, చప్పుడూ ఉండదు. ఒట్టి ఒత్తిడి.

“గేరు కొంచెం వేడెక్కితే పట్టు వదులుద్ది. మంట పెట్టకూడదు. బఖీత్, నువ్వుల నూనె కాచి పట్రా. పొగలు రావాలి” అన్నాడు.

బఖీత్ లావుపాటి మనిషి. నల్లటి మూకుడులో నూనె కాచి, పొడుగు మూతి ఉన్న కాఫీ కూజాలో పోసుకుని, బండి వెనక బోర్లా పడుకున్నాడు. గేరు మీద సన్నటి ధారగా పోయడం అతని పని. యెస్లమ్ గోనెపట్టాలు తడిపి పెట్టెల మీద కప్పుతున్నాడు. నాకేం పని లేదనుకుంటుండగా బావ నా వైపు వేలు చూపించాడు.

“ఫరజూ, నువ్వు పెట్టెకు చెవి పెట్టు. హోరు పెరిగితే చెయ్యి పైకెత్తు, నేను ఆపుతా. సద్దుమణిగితే అరచెయ్యి కిందికి చూపించు, తిప్పుతా. నాకు నీ చెయ్యే చెవి.”

ఈగలంటే నాకు భయం. చిన్నప్పుడు కనురెప్ప మీద కుడితే మూడు రోజులు లోకం కనపడలేదు. ఆ మాట చెప్పుకోవడానికి అక్కడ తీరిక ఎవరికుంది? మధ్య వరుస పెట్టెకు చెవి ఆనించాను. లోపల ఎసరు మరగబోయే ముందు వచ్చే చప్పుడు. నా జన్మలో నోరు మూసుకుని అంతసేపు నిలబడటం అదే మొదలు.

అరచెయ్యి కిందికి చూపించాను. అతను పావు చుట్టు తిప్పాడు. ఆగి నన్ను చూశాడు. మళ్లీ పావు చుట్టు. బఖీత్ నూనె పోశాడు. హోరు పెరిగింది, చెయ్యెత్తాను. అందరం ఆగిపోయాం. యెస్లమ్ మళ్లీ గోనెలు తడిపాడు. నా చెమట కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి కదిలితే బావ పొరపాటు పడతాడని. ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు. తొమ్మిది దాటింది. ఎండ నా కొట్టు గడప దాకా వచ్చింది.

“ఎంత కదిలింది కరామా?” అన్నాడు యెస్లమ్. 

“గోరంత.”

“ఇంకో రెండు చుట్లు ఒక్కసారే తిప్పరాదూ?”

“బోల్టు విరుగుద్ది. విరిగితే ఇక సుత్తే గతి. ఓర్చుకో.”

అతని ముఖం మాత్రం ఖర్జూరాలు ఎండబోసుకుని కాపలా కాసే మనిషి ముఖంలా ఉంది. తొందర లేదు, కోపం లేదు. ఆ నిదానం చూస్తే మామూలు రోజుల్లో నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆ రోజు మాత్రం దాన్ని పట్టుకునే నిలబడ్డాను.

తొమ్మిదిన్నరకు కాబోలు, డిఫరెన్షియల్‌కు సరిగ్గా పైనున్న నాలుగు పెట్టెల దగ్గరికి చెవి జరిపాను. వాటిలో హోరు తగ్గింది. ఇంకాసేపటికి మరీ తగ్గింది. హమ్మయ్య, తడిగోనెలు పనిచేశాయి, శాంతించాయి అనుకున్నాను. అరచెయ్యి కిందికి చూపించాను. తిప్పు బావా, తిప్పు అని మళ్లీ మళ్లీ చూపించాను. అతను తిప్పుతూ పోయాడు. అడుగున టక్కుమని ఒక చప్పుడైంది. అది నాకు వినపడింది, అతనికి స్పానరులో తెలిసింది. ఇద్దరం ఒకేసారి తలలు తిప్పాం. ఎడమవైపు కడ్డీ బెత్తెడు బయటికి వచ్చి ఉంది. మిగతాది ఒంటి చేత్తో లాగేశాడు. విడిపడిన గేరు లోపల పక్కకు ఒరిగింది. దాన్నీ, ఇరుక్కున్న ముక్కల్నీ ఏరి గుడ్డలో మూటకట్టాడు. చక్రాల నడిమి హబ్బుల రెండు మూతులూ మూసి, బిగించి, యెస్లమ్‌కు సైగ చేశాడు. ముందు చక్రాలు పట్టుకున్నాయి. బండి కదిలింది.

కరామా, నేనూ బండి అడుగుబల్ల మీద నిలబడి వెళ్లాం. పది కొట్టేసరికి రేగుతోటలో ఉన్నాం. యెస్లమ్ ఇంజను ఆపి, ఒక్కో పెట్టె మూతి గుడ్డా ఊడదీశాడు. ఈగలు బిలబిలమని బయటికొచ్చి, గాలిలో గుండ్రంగా తిరిగి, చెట్ల మీదికి లేచాయి. పై వరుస, దాని కింది వరుస, కుడి పక్క, ఎడమ పక్క. యెస్లమ్ నవ్వుతున్నాడు, ప్రతి పెట్టెనూ ఏదో పేరు పెట్టి పలకరిస్తున్నాడు. నేనూ నవ్వుతున్నాను. అలా వస్తూ వస్తూ మధ్యలో కింది నాలుగు పెట్టెల దగ్గర ఆగాడు.

గుడ్డ తీశాడు. ఏమీ రాలేదు. రెండోది తీశాడు. మూడోది, నాలుగోది. చెవి పెట్టి విన్నాడు. ఒక్కోదానికీ చాలాసేపు చెవి ఆనించాడు. తర్వాత నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

“ఇవి పోయాయి” అన్నాడు.

 అవి సద్దుమణగలేదు. చచ్చిపోతుంటే నేను చెవి పెట్టి వింటూ, తిప్పు తిప్పు అని చెయ్యి చూపించాను. పైన ఎండ, కింద మరిగే నూనె, మధ్యలో నేను.

“అన్నా, నాదే తప్పు. ఊరుకున్నాయనుకున్నా” అన్నాను.

యెస్లమ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “నువ్వేం చేస్తావు ఫరజూ. బిరడా చోట మైనం పెట్టింది నేను” అన్నాడు. ఆ మాట అంటుంటే అతని కళ్లు ఆ నాలుగు పెట్టెల మీదే ఉన్నాయి.

మా పెదాలు చూసి కరామాకు సంగతి అర్థమైంది. వచ్చి మొదటి పెట్టె మీద అరచెయ్యి పరిచాడు. కళ్లు మూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. రెండోదాని మీద పెట్టాడు. అదీ అంతే. మూడోదాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఇక చాల్లే బావా అని పక్కకు తీసుకుపోదామని నేను అడుగు వేశాను.

“ఉంది” అన్నాడు.

తోటంతా వినపడింది. యెస్లమ్ పరుగున వచ్చి చెవి పెట్టాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. “ఏమీ లేదు కరామా. నన్ను ఆశపెట్టకు” అన్నాడు.

“చెవి తీసెయ్. చెయ్యి పెట్టు.”

కరామా యెస్లమ్ చెయ్యి పట్టుకుని చెక్క మీద ఆనించి, దాని మీద తన చెయ్యి వేసి నొక్కిపెట్టాడు. ఇద్దరూ అలా నిలబడ్డారు. ముందు యెస్లమ్ ముఖంలో ఏమీ లేదు. తర్వాత కింది పెదవి వణికింది. తర్వాత ఉన్నవాడు ఉన్నట్టే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాలుగోదానిలో ఏమీ మిగల్లేదు. ఎనభై నాలుగులో మూడు పోయాయి.

నేను కుండలో నీళ్లు తెచ్చి ఆ మూడో పెట్టె మీద చిలకరించాను. ఆ తర్వాత ఆగలేక నేనూ చెవి పెట్టాను. గాలి చప్పుడు, చెట్ల మీద ఈగల హోరు, అంతకుమించి ఏమీ లేదు. తలెత్తితే కరామా నన్నే చూస్తున్నాడు.

“వినపడుతోందా ఫరజూ?” అన్నాడు.

లేదని తల ఊపాను.

“నాకు వినపడుతోంది” అన్నాడు మా బావ, పెట్టె మీంచి చెయ్యి తియ్యకుండా.